చెంప మీట

ఆ ఇంట్లో చిన్నదానికి రేడియో అని పేరు పెట్టింది వాళ్ళ నాన్న. నిద్ర లేచింది మొదలు నోరు మూయదు, ఎవరు విన్నా వినకపోయినా దాని పాటికి అది మోగుతూనే ఉంటుంది అనేవాడాయన. పెద్దది అందుకు పూర్తిగా వ్యతిరేకం. ఇంటికి చుట్టాలొస్తే పెద్దదాన్ని అడిగిన ప్రశ్నలకు కూడా చిన్నదే జవాబు చెప్పేది. "మా అక్కకి లెక్కల్లో తొంభై ఆరు. మా అక్కకి వంకాయ పడదు. మా అక్క మీతో మాట్లాడదు, నాతోనే మాట్లాడుతుంది." అక్క పక్కన నిలబడి తలూపేది. ఇద్దరికీ ఆరేళ్ళ తేడా.

పెద్దయ్యాక ఎవరి స్వభావానికి తగ్గ ఉద్యోగం వాళ్ళకు దొరికింది. ఊరికి నీళ్ళిచ్చే సంస్థలో అక్క కంప్యూటర్లు చూసుకునేది. ఏ పంపు ఎప్పుడు తిరగాలో, ఏది ఎప్పుడు ఆగాలో నిర్ణయించే మెషిన్లవి. వాటితో కబుర్లు చెప్పనక్కర్లేదు కాబట్టి ఆమెకు హాయిగా ఉండేది. రేడియో బస్టాండులో మైకు ముందు కూర్చుని బస్సుల వేళలు చెప్పేది. మధ్యలో ఖాళీ దొరికితే తప్పిపోయిన పిల్లల గురించీ, బెంచీమీద మరిచిపోయిన గొడుగుల గురించీ చెప్పేది. ఆ గొంతు విన్నవాళ్ళు బస్సు తప్పిపోయినా పెద్దగా తిట్టుకునేవాళ్ళు కాదు. రేడియో, కారు నడపడం నేర్పే బడి ఒకటి నడుపుకునే మనిషిని పెళ్ళి చేసుకుంది. రోజంతా కొత్తవాళ్ళ పక్క సీట్లో బ్రేకు మీద కాలు పెట్టుకుని కూర్చునే ఆయనకు ఓపిక అనేది పుట్టుకతో వచ్చిన గుణం. అక్క పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని అడిగినవాళ్ళకు, అలవాటు ప్రకారం, రేడియోనే జవాబు చెప్పేది.

జబ్బు ముందుగా నాలుకకు వచ్చింది. మైకులో ఊళ్ళ పేర్లు ముద్దముద్దగా వినబడుతున్నాయని ప్రయాణికులు ఫిర్యాదు చేస్తే, బస్టాండువాళ్ళు మైకు మార్చారు. నెల తరువాత స్పీకర్లు మార్చారు. మూడోసారి ఫిర్యాదు వచ్చినప్పుడు రేడియో తనే లేచి వెళ్ళి, "మైకుది తప్పు కాదు సార్, నాదే" అని చెప్పి సెలవు పెట్టింది. కండరాలకు నరాల ఆజ్ఞ అందకుండా పోయే జబ్బు అని పెద్దాసుపత్రిలో తేల్చారు. మందు లేదన్నారు. రెండేళ్ళు, మహా అయితే మూడు అన్నారు. ఏడాది తిరిగేసరికి మాట పూర్తిగా పోయింది. ఆ తరువాత చేతులు, కాళ్ళు. మనసు మాత్రం చెక్కు చెదరలేదు. నోట్లో మాట ఆగని మనిషి ఒంటి లోపల ఆ మాటలన్నీ అలాగే ఉండిపోయాయి.

అక్క ఏడుస్తూ కూర్చోలేదు. ఏడవడం కూడా ఒకరకంగా మాట్లాడటమే, అది ఆమెకు చేతకాదు. పుస్తకమంత చిన్న కంప్యూటరొకటి తెచ్చి చెల్లెలి మంచం పక్కన పెట్టింది. తెరమీద అక్షరాలు వరుసలుగా ఉంటాయి. ఒక పచ్చటి గడి ఆ వరుసల మీద టిక్కు టిక్కుమంటూ నడుస్తూ ఉంటుంది. కావాల్సిన అక్షరం మీదికి రాగానే రేడియో మీట నొక్కాలి. మాట పూర్తయ్యాక మెషిన్ దాన్ని పైకి చదువుతుంది. మొదట మీట చూపుడువేలి కింద ఉండేది. వేలు పోయాక పాదం కింద పెట్టారు. పాదం పోయాక, దిండు పక్కన ఇనుప కొమ్మకు బిగించి ఎడమ చెంపకు ఆనించారు. చెంప కొద్దిగా బిగిస్తే చాలు.

అందులో కష్టమంతా మీటదే. మెషిన్‌కు కరెంటు తగలగానే ముందు ఒక చిన్న పట్టిక వస్తుంది, ఏ కెర్నెల్‌తో లేవాలని అడుగుతూ. కెర్నెల్ అంటే అన్నిటికన్నా ముందు మేలుకుని మిగతావాటిని లేపే ప్రోగ్రాము. అది లేచి ఒక్కొక్క పరికరానికి ఒక్కొక్క మాడ్యూల్‌ని పిలుచుకుంటుంది. తెరకొకటి, స్పీకరుకొకటి, మీటకొకటి. తన మాడ్యూల్ ఎక్కితేనే ఏ పరికరమైనా పనిచేస్తుంది. ఎక్కకపోతే అదొక ప్లాస్టిక్ ముక్క, అంతే. కెర్నెల్‌తో పాటు వచ్చే మాడ్యూల్ ఒకటి ఈ మీటను చూసి పిల్లలు వీడియోగేములాడే ఆటకర్ర అనుకునేది. చెంప బిగిస్తే అక్షరం పడే బదులు గడి ఎటో పారిపోయేది. అందుకని అక్క దాని పేరు 'ఎక్కించవద్దు' అనే జాబితాలో రాసింది. తనే వారం రోజులు కూర్చుని ఒక చిన్న మాడ్యూల్ రాసి, దాని పేరు 'లేవగానే ఎక్కించు' అనే జాబితాలో చేర్చింది. అడిగేవాళ్ళు లేరు కాబట్టి పట్టిక వేచి ఉండే సమయం సున్నా చేసింది. కరెంటు రాగానే ఎవరూ ముట్టుకోకుండానే మెషిన్ లేచి, పంతొమ్మిది సెకన్లలో అక్షరాల ముందు నిలబడేది. మంచం పక్క చోటు లేదని కీబోర్డు కూడా తీసేసింది. ఆ పంతొమ్మిది సెకన్లంటే ఆమెకు ఎంత గర్వమో రేడియోకు ఒక్కదానికే తెలుసు.

తెలుగులో ఒత్తుల కోసం వేరే వరుసకు వెళ్ళాలి. అంత ఓపిక ఎవరికుంది అని రేడియో ఒత్తులన్నీ ఎత్తేసింది. 'అన్నం' కాస్తా 'అనం' అయింది. 'అక్క' 'అక' అయింది. మెషిన్ గొంతు కూడా ఏ మొహమాటమూ లేకుండా అలాగే చదివేది. మొదటిరోజే మొగుడిని పిలిచి, అరగంట కష్టపడి, "నీ కారు పాఠాల కంటే ఈ గడి నయం. ఆగమంటే ఆగుతుంది" అంది. ఆయన గోడవైపు తిరిగి నవ్వాడు. ఎంతకీ ఇటు తిరగలేదు.

ఇలా పద్నాలుగు నెలలు గడిచాయి. పగలు చూసుకోవడానికి ఒక నర్సమ్మ వచ్చేది. నోటికొచ్చిన పాట పాడుకుంటూ పనిచేసే మనిషి. ఆమె శ్రుతి తప్పితే రేడియో ఊరుకునేది కాదు, పాట ఆపేదాకా అక్షరాలు నొక్కి మరీ చెప్పేది. అక్క వారానికి మూడు సాయంత్రాలు ఊరి అవతలి నుంచి వచ్చి కూర్చునేది. ఆ పద్నాలుగు నెలల్లో అక్కాచెల్లెళ్ళు మాట్లాడుకున్నంత అంతకుముందు ముప్ఫై ఏళ్ళలో మాట్లాడుకోలేదు. ఒక్కో వాక్యానికి ఐదు నిమిషాలు పట్టేది కాబట్టి వినడం తప్ప వేరే పని లేదు. జవాబు ఆలోచించుకోవడానికి అక్కకు కావాల్సినంత సమయం దొరికేది.

చెంప కూడా ఇంకో నెలకో నెలన్నరకో పోతుందని డాక్టరు చెప్పాడు. అప్పటికి కళ్ళే మిగులుతాయి. కంటిపాప ఎటు తిరిగితే గడి అటు నడిచేలా చేసే కెమెరా ఒకటుందని తెలిసి అక్క దాన్ని తెప్పించింది. మెషిన్‌లో ఉన్న కెర్నెల్ పాతది, ఆ కెమెరా ఎవరో దానికి తెలియదు. ఒక మంగళవారం సాయంత్రం రేడియో కునుకు తీస్తుంటే అక్క కొత్త కెర్నెల్ ఎక్కించింది. సంచిలో తెచ్చుకున్న కీబోర్డు తగిలించి, మెషిన్ ఆపి లేపింది. కెమెరా దీపం వెలిగింది. అక్క కళ్ళు అటూ ఇటూ తిప్పితే గడి అటూ ఇటూ నడిచింది.

కానీ మీట మాడ్యూల్‌ని ఏ కెర్నెల్‌కు ఆ కెర్నెల్‌కు విడిగా తయారుచేయాలి. కొత్తదానికి ఇంకా చేయలేదు. ఆఫీసులో ఇలాంటివన్నీ వాటంతట అవే తయారయ్యేలా అమర్చింది. ఇంట్లో ఉన్నది ఒక్క మెషినే కదా అని ఇక్కడ చేత్తోనే చేసేది. ఆదివారం తీరిగ్గా చేద్దాంలే అనుకుని, మెషిన్‌ను మళ్ళీ ఆపి, లేచేటప్పుడు కీ నొక్కి పట్టుకుని, పట్టికలోంచి పాత కెర్నెల్‌ని ఎంచుకుంది. మీట మామూలుగా పనిచేసింది. ఇంకొక్క పని మిగిలింది. ఇకమీదట ఎప్పుడు లేచినా పాతదానితోనే లేవాలని ఒక ఫైలులో ఒక్క వరుస రాయాలి. లేకపోతే మెషిన్ తనంతట తాను కొత్తదాన్నే ఎంచుకుంటుంది.

ఫైలు తెరవబోతుంటే రేడియో కళ్ళు విప్పింది. గడి టిక్కు టిక్కుమంది.

"చాలు నీ పని. ఇటు రా" అంది మెషిన్ గొంతు.

అక్క కీబోర్డూ కెమెరా తీసి సంచిలో పెట్టేసి వెళ్ళి కూర్చుంది. పై వాటాలో కొత్తగా దిగినాయన పొద్దున్నే గొంతు సాధన చేస్తున్నాడట, ఆ గొంతు విని వీధి కుక్కలు పక్క వీధికి మారిపోయాయట. అది చెప్పడానికి ముప్పావు గంట పట్టింది. అక్క చాలా నవ్వింది. చీకటి పడకముందే బయలుదేరి ఇల్లు చేరుకుంది. ఆ ఒక్క వరుస సంగతి ఆమెకు మళ్ళీ గుర్తు రాలేదు.

బుధవారం పొద్దున ఏడింటికి ఆఫీసు నుంచి ఫోను. నదిగట్టు దగ్గరి పంపుహౌసులోకి నీళ్ళు వచ్చాయి, కంట్రోలు పెట్టెలు తడిశాయి, సగం ఊరికి నీళ్ళు ఆగిపోయాయి. అక్క ఉన్నపళంగా వెళ్ళింది. ఆ పంపుహౌసు భూమికి మూడంతస్తుల కింద ఉంటుంది. అక్కడ ఫోను పలకదు. మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడి, మెట్లమీద మెషిన్లు పెట్టుకుని, ఒక్కొక్కదాన్నే లేపుకుంటూ వచ్చింది.

ఎనిమిదీ ఐదుకు చెల్లెలి వీధిలో కరెంటు పోయింది. రేడియోకు ఊపిరి అందించే మెషిన్ బ్యాటరీ మీద నడిచింది, దానికేమీ కాలేదు. కంప్యూటర్‌కు బ్యాటరీ పెట్టలేదు, పంతొమ్మిది సెకన్లలో లేచేదానికి బ్యాటరీ ఎందుకని. ఆరు నిమిషాలకు కరెంటు వచ్చింది. మెషిన్ లేచింది, కొత్త కెర్నెల్‌తో. 'ఎక్కించవద్దు' జాబితా చూసి ఆటకర్ర మాడ్యూల్‌ని రానివ్వలేదు. రావాల్సిన మాడ్యూల్ ఆ కెర్నెల్‌కు లేనేలేదు. మీటను పట్టించుకునేవాళ్ళు లేకుండా పోయారు. గడి ఎప్పటిలాగే అక్షరాల మీద నడుస్తోంది. రేడియో చెంప బిగిస్తోంది. గడి ఆగడం లేదు.

అక్క పైకి వచ్చేసరికి పన్నెండూ నలభై. ఫోనులో మరిది చేసిన కాల్స్ పదకొండు. తడిచేతులతోనే ఫోను కలిపింది.

"వదినా, మీట పని చెయ్యట్లేదు" అన్నాడు మరిది. గొంతు మామూలుగానే ఉంది. "పొద్దున్నుంచీ. వైరు తీసి మళ్ళీ పెట్టాను, మెషిన్ ఆపి మళ్ళీ వేశాను. బడికెళ్ళి కీబోర్డు కూడా తెచ్చాను, దాంతో ఏం నొక్కాలో తెలీలేదు."

"కరెంటు పోయిందా?"

"పోయింది. ఆరు నిమిషాలు."

అక్కకు ఆ మాటతోనే అర్థమైంది.

"దాని చెవి దగ్గర పెట్టు ఫోను. నేను మాట్లాడతాను."

"నిద్రపోతోంది వదినా. పదిన్నర నుంచి ఊపిరి అందలేదు. డాక్టరు గారొచ్చి సూది వేసి వెళ్ళారు. ఆఫీసుకి కూడా చేశాను. కింద ఉన్నారు, పైకి రాగానే చెప్తాం అన్నారు. ఏం పని అని అడిగారు. మీట పని చెయ్యట్లేదు అన్నాను. అంతకంటే వాళ్ళకేం చెప్పాలో తెలీలేదు."

రెండింటికల్లా అక్క చెల్లెలి ఇంట్లో ఉంది. బట్టలకు బురద అలాగే ఉంది. కీబోర్డు తగిలించి, లేచేటప్పుడు కీ పట్టుకుని, పట్టికలోంచి పాత కెర్నెల్‌ని ఎంచుకుంది. ఈసారి ఆ వరుస కూడా రాసింది. అంతా కలిపి నాలుగు నిమిషాలు పట్టింది. వేలితో మీట నొక్కి చూస్తే అక్షరం పడింది. రేడియో నిద్రపోతూనే ఉంది. నోటిమీద ముసుగు, కళ్ళకింద నీలం. గడి టిక్కు టిక్కుమంటూ పై వరుస నుంచి కింది వరుసకు, మళ్ళీ పై వరుసకు నడుస్తోంది.

"ఆపనా? చప్పుడవుతోంది" అంది అక్క.

"వద్దు, ఉండనివ్వండి. లేస్తే నొక్కుతుంది" అన్నాడు మరిది.

రేడియో లేవలేదు. మర్నాడు పొద్దున తొమ్మిదింటికి ముందే అయిపోయింది. మెషిన్‌ను ఎవరు ఆపారో తరువాత ఎవరికీ గుర్తులేదు.

దినాలన్నీ అయ్యాక అక్క ఆఫీసుకు వెళ్ళింది. చుట్టాలూ స్నేహితులూ ఎవరు కనిపించినా ఒకే మాట. "తోడబుట్టినదానికి నువ్వు చేసినంత ఎవరూ చెయ్యరు. నీ వల్లే అది ఆఖరిదాకా మాట్లాడింది." ఆ మాట విన్నప్పుడల్లా అక్కకు ఒళ్ళంతా కారం పూసినట్టుండేది. కాదు, ఆఖరిరోజు మాట్లాడలేదు, నా వల్లే మాట్లాడలేదు అని చెప్పాలి. చెప్పడం చేతకాలేదు. చెల్లెలుండి ఉంటే అక్క తరఫున అది కూడా తనే చెప్పేసేది.

ఆఫీసులో ఆమె కొత్తగా చాదస్తం పట్టినదానిలా తయారైంది. మెషిన్‌లో ఏ చిన్న మార్పు చేసినా మూడుసార్లు ఆపి మూడుసార్లు లేపేది. జాబితాలు పైకి చదువుకునేది. "మేడమ్, దీన్ని నిన్ననే చూశారు" అని పక్క బల్ల అతను గుర్తుచేస్తే, "తెలుసు" అని మళ్ళీ చూసేది. మరిది ఇంటికి వెళ్ళడం మానేసింది. ఆయన ఒక్క మాటైనా అనలేదు. అనకపోవడమే ఆమెకు భరించరానిదిగా ఉండేది. ఒక్కసారి తిడితే తలవంచుకుని వినొచ్చు అనుకునేది.

నాలుగో నెలలో నర్సమ్మ ఫోను చేసింది. ఇప్పుడామె ఇంకో ఇంట్లో పనిచేస్తోంది. కోర్టులో టైపిస్టుగా చేసి రిటైరైన పెద్దాయన, అదే జబ్బు.

"వేళ్ళు ఒక్కటే కదులుతాయమ్మా, అవి కూడా రెండే. రోజూ ఆయన భార్య మొహంలోకి చూస్తా ఉంటాడు, ఆవిడకేమో ఒక్క ముక్క అర్థం కాదు. చిన్నమ్మ మెషిన్ ఊరికే పడుంది కదా అని." ఆగింది. "తప్పుగా అడిగితే క్షమించమ్మా."

తప్పేమీ లేదు, మరిదిని అడగాలి అంది అక్క. ఆదివారం పొద్దున వెళ్ళింది.

గదిలో మంచం తీసేశారు. నేలమీద మంచం కోళ్ళ గుర్తులు నాలుగు. మెషిన్ కిటికీ కింద బల్లమీద ఉంది, మీట ఇనుప కొమ్మతో సహా. దుమ్ము లేదు, రోజూ తుడుస్తున్నట్టున్నాడు. విషయం విని మరిది వెంటనే, "తీసుకెళ్ళండి వదినా. అది మాట్లాడటానికే కదా ఉంది" అన్నాడు. "దాంట్లో తను రాసినవి మాత్రం..."

"ఆ డిస్కు నీకే ఇస్తాను. కొత్త డిస్కు తెచ్చాను."

అక్క స్క్రూడ్రైవరు తీసి పెట్టె విప్పింది. మరిది పక్కన నిలబడి చూస్తున్నాడు. డిస్కు బయటికి తీసి ఆయన అరచేతిలో పెట్టింది. అగ్గిపెట్టె కన్నా కాస్త పెద్దది. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, కూర్చోకుండానే మాట్లాడటం మొదలుపెట్టాడు.

"మీకొకటి చెప్పాలి వదినా. చెప్తే మీకు బాధ, చెప్పకపోతే నాకు. నాలుగు నెల్లు ఓర్చుకున్నాను."

అక్క స్క్రూడ్రైవరు కింద పెట్టింది.

"ఆవేళ డాక్టరు గారొచ్చినప్పుడు పదకొండున్నర. ఆసుపత్రికి తీసుకెళ్తారా, ఇక్కడే సూది వేసి నిద్రపుచ్చమంటారా అనడిగారు. ఇక్కడ వేస్తే మళ్ళీ లేస్తుందని చెప్పలేను అన్నారు. దాన్నే అడుగుదామనుకున్నాను. మీట లేదు. క్యాలెండరు వెనక అక్షరాలు రాసి, ఒక్కోదాని మీద వేలు పెట్టాను. పైకి చూస్తే అవునని, కళ్ళు మూస్తే కాదని లెక్క. 'అ' దగ్గర పైకి చూసింది. చాలాసేపటికి 'క' దగ్గర చూసింది. అంతే. ఆ తర్వాత ఏ అక్షరానికీ చూళ్ళేదు."

"అక" అంది అక్క.

"అవును. అక. ముందు మిమ్మల్నే అనుకున్నాను. అప్పటికే తొమ్మిదిసార్లు చేశాను. తర్వాతనిపించింది, ఆసుపత్రికా అని నేనడుగుతుంటే కదా చెప్పింది. 'అకరలేదు' అనబోయిందేమో. అక్కర్లేదంటున్నావా అనడిగాను. కళ్ళు మూసుకుంది. మూసుకుంటే కాదని అర్థం. అలిసిపోయి మూసుకున్నా అంతే కదా వదినా. నేనెలా చెప్పగలను? డాక్టరు గారు చూస్తా నిలబడ్డారు. దాని ఊపిరి చూస్తే అట్లా ఉంది. అక్కర్లేదంటోంది, ఇక్కడే వెయ్యండి అని చెప్పేశాను."

డిస్కును గుప్పిట్లో మూశాడు.

"మీరొచ్చేదాకా ఆగమని అడిగిందేమో. నేను నిద్రపుచ్చేశాను."

కిటికీ అవతల ఎవరో స్కూటర్ స్టార్టు చేయాలని తంటాలు పడుతున్నారు. తరువాత, జీవితంలో ఎప్పుడూ లేనిది, అక్క ఆపకుండా మాట్లాడింది. కొత్త కెర్నెల్ సంగతి చెప్పింది, పట్టిక సంగతి, రెండు జాబితాల సంగతి, రాయకుండా వదిలేసిన ఒక్క వరుస సంగతి. కరెంటు వల్ల చెడింది కాదు, నా వల్ల చెడింది అని చెప్పింది. ఫైలు తెరిచే వేళకు అది పిలిచింది, నేను లేచి వెళ్ళిపోయాను అని చెప్పింది.

మరిదికి సగం మాటలు అర్థం కాలేదు. కావాల్సినవి అయ్యాయి.

"అది పిలవకపోతే రాసేవారా?" అన్నాడు.

"రాసేదాన్ని."

"పిలిచింది కదా మరి" అన్నాడు. కాసేపటికి, "ఆరోజు సాయంత్రం మీరు నవ్వడం వంటింట్లోకి వినిపించింది. మీరంత నవ్వగా నేనెప్పుడూ వినలేదు" అన్నాడు.

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. ఆయన వెళ్ళి డిస్కును బీరువాలో, లైసెన్సు కాగితాలుండే సొరుగులో పెట్టి వచ్చాడు. అక్క పెట్టె బిగించింది. ఆమె మెషిన్ పట్టుకుంటే, మీట ఉన్న ఇనుప కొమ్మ ఆయన పట్టుకుని కిందిదాకా వచ్చి కారులో పెట్టాడు.

ఆ మధ్యాహ్నమే అక్క టైపిస్టుగారి ఇంటికి వెళ్ళింది. మేడమీద ఒక గది, దానికానుకుని వంటిల్లు. పెద్దాయన వాలుకుర్చీలో ఉన్నాడు. నలభై ఏళ్ళు టైపుమెషిన్ మీద పరుగులు పెట్టిన వేళ్ళలో రెండే కదులుతున్నాయి. భార్య చీర కొంగు నడుముకు దోపుకుని, ఏం తెమ్మంటే అది తేవడానికి సిద్ధంగా గుమ్మంలో నిలబడింది.

అక్క పని మొదలుపెట్టింది. కెర్నెల్ ఎక్కించింది. మీట మాడ్యూల్‌ని, కెర్నెల్ మారినప్పుడల్లా దానంతట అదే తయారయ్యేలా అమర్చింది. రెండు జాబితాలూ రాసింది. పట్టిక వేచి ఉండే సమయం పది సెకన్లు చేసి, పాత కెర్నెల్‌ని కూడా రెండో వరుసలో ఉంచింది. మెషిన్‌కు బ్యాటరీ పెట్టింది. కీబోర్డును దారంతో బల్లకు కట్టింది. తరువాత మెషిన్‌ను ఆపింది, లేపింది. ప్లగ్గు పీకి, బ్యాటరీ కూడా తీసేసి మళ్ళీ లేపింది. ఏడుసార్లు. ప్రతిసారీ మీట నొక్కి చూసింది. నర్సమ్మ కూనిరాగం ఆపేసి గోడకానుకుని చూస్తోంది.

"ఇంత పని ఎలా నేర్చుకున్నావమ్మా?" అంది పెద్దాయన భార్య.

"మా చెల్లెలి కోసం."

"ఆ అమ్మాయి బాగుందా ఇప్పుడు?"

నర్సమ్మ కంగారుగా ఏదో అడ్డం చెప్పబోయింది. అక్క చెయ్యెత్తి ఆపింది.

"చనిపోయింది" అంది. "ఆఖరిరోజు పొద్దున ఈ మీట పని చెయ్యలేదు. నేను ఒక వరుస రాయడం మర్చిపోయాను. దానికేం కావాలో ఎవరికీ తెలియలేదు. అందుకే మీరిది నేర్చుకోవాలి. నేను అందుబాటులో లేకపోవచ్చు."

పెద్దావిడ కొంగు తీసి మొహం తుడుచుకుంది. లోపలికి వెళ్ళి పాత నోటుపుస్తకమూ పెన్సిలూ తెచ్చుకుని బల్ల దగ్గర నిలబడింది.

"చెప్పు. మెల్లగా చెప్పు, నేను చదువుకున్నది ఐదే."

అక్క మెల్లగా చెప్పింది. కరెంటు పోయి వచ్చాక మీట పలకకపోతే మెషిన్ ఆపాలి. లేపాలి. పట్టిక వస్తుంది, పది లెక్కపెట్టేదాకా ఉంటుంది. కింది బాణం ఉన్న కీ ఒక్కసారి నొక్కాలి. తరువాత ఎంటర్ అని రాసి ఉన్న పెద్ద కీ నొక్కాలి. పెద్దావిడ తన మాటల్లో రాసుకుంది. పట్టిక అనే మాట దగ్గర ఆగి, "లిస్టు అని రాసుకుంటాను, అదైతే గుర్తుంటుంది" అంది. తరువాత తనే చేసింది. మొదటిసారి పది సెకన్లు దాటిపోయాయి. రెండోసారి బాణం రెండుసార్లు నొక్కింది. మూడోసారి సరిగ్గా వచ్చింది. అయినా నాలుగోసారి చేస్తానంది.

ఆ నాలుగోసారి మెషిన్ లేచాక పెద్దాయన వేలికింద మీట పెట్టారు. పచ్చగడి నడుస్తుంటే ఆయన కాసేపు ఊరికే చూశాడు. తరువాత నొక్కాడు. ఒక అక్షరం పడింది. భార్య వంగి, "కాఫీయా? కావాలా?" అని అడగబోతే నర్సమ్మ ఆమె భుజంమీద చెయ్యి వేసింది. అందరూ ఆగారు. గడి ఐదారుసార్లు పైనుంచి కిందికి తిరిగింది. వంటింట్లో కుళాయి బొట్లు బొట్లుగా కారుతోంది.

"కుర్చీ" అంది మెషిన్.

భార్యకు అర్థం కాలేదు. ఆయన కుర్చీలోనే ఉన్నాడు. ఆయన కళ్ళు మాత్రం అక్క వైపు తిరిగి ఉన్నాయి.

వచ్చినప్పటి నుంచి తాను నిలబడే ఉన్నానని అక్కకు అప్పుడు తెలిసింది. పెద్దావిడ నొచ్చుకుంటూ వెళ్ళి వంటింట్లోంచి ముక్కాలిపీట తెచ్చి వేసింది. అక్క కూర్చుంది. మోకాళ్ళమీద చేతులు పెట్టుకుని, తల వంచుకుని చాలాసేపు అలాగే ఉండిపోయింది. పెద్దాయన రెండో మాట మొదలుపెట్టాడు.